గొడుగు కింద ద్రాక్షగుత్తి

కాశీయాత్రకు బయల్దేరిన పెళ్లికొడుక్కి గొడుగు పడతారు. ఊరేగింపులో దేవుడికి పడతారు. ద్రాక్షగుత్తికి గొడుగు పట్టడం మాత్రం నేను జపాన్‌లోనే చూశాను. అది కూడా ఒకటీ రెండూ కాదు. కొండవాలు పొడవునా, పందిళ్ల కింద వేలకు వేల తెల్ల కాగితం గొడుగులు... ఒక్కో గొడుగు కింద ఒక్కో పచ్చి గుత్తి.

ఆ ఊరి పేరు కత్సునుమా. టోక్యోలోని షింజుకు స్టేషన్లో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గంటన్నర. కొండల మధ్య ఒకదాని తర్వాత ఒకటి సొరంగాలు దాటుతూ పోయిన రైలు, ఉన్నట్టుండి వెలుతురులోకి వచ్చేసరికి కింద ఓ పెద్ద పళ్లెంలాంటి లోయ కనిపిస్తుంది. పళ్లెం అంచు నుంచి అడుగు దాకా ఆకుపచ్చటి పందిళ్లే. స్టేషన్ పేరే 'కత్సునుమా బుదోక్యో', అంటే ద్రాక్షసీమ. 2005లో చుట్టుపక్కల ఊళ్లతో కలిసి కోషు నగరంలో భాగమైనా, జనం నోట ఇంకా కత్సునుమాయే.

పోయినేడాది జూలై మొదటి వారంలో నన్ను అక్కడికి తీసుకెళ్లింది మా తమ్ముడు. పెద్దనాయిన చిన్నకొడుకు. ఎనిమిదేళ్లుగా టోక్యోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మనవాళ్లు ఎక్కువగా ఉండే నిషికసాయిలోనే ఇల్లు. జపనీస్ గడగడా మాట్లాడతాడు. 'టోక్యో టవర్ చూద్దాం, ఫుజి కొండ చూద్దాం' అన్నవాడు, నేను ద్రాక్షతోట అనగానే కాసేపు మాట్లాడలేదు. ఆ మౌనం ఎందుకో నాకు తెలుసు. అది చెప్పాలంటే ముందు మేడ్చల్ వైపు వెళ్లాలి.

హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు ద్రాక్షతోటలుండేవంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. కొంపల్లి, మేడ్చల్, శామీర్‌పేట, హయత్‌నగర్... రాతి స్తంభాల మీద తీగ లాగి అల్లిన పందిళ్లు, వాటి నిండా వేలాడే అనాబ్-ఎ-షాహీ గుత్తులు. తేనెరంగు తిరిగిన పొడుగు కాయ, లోపల గింజ. 1890లో అబ్దుల్ బాకర్‌ఖాన్ అనే ఆయన ఈ రకాన్ని హైదరాబాద్ తెచ్చాడని చెబుతారు. మా పెద్దనాయినకు రెండెకరాల తోట ఉండేది. నాకు పదేళ్లున్నప్పుడు, కోతకు వారం ముందు, మార్చిలో పట్టిన ముసురు మూడ్రోజులు వదల్లేదు. నాలుగో రోజు పందిరి కిందికి వెళ్తే పులిసిన వాసన. గుత్తి మధ్యలో ఒక కాయ పగిలి, దాని రసం పక్కదాని మీద కారి, అది మెత్తబడి... పైకి బాగున్న గుత్తిని కూడా పట్టుకుంటే చేతిలోనే జారిపోయేది. పెద్దనాయిన గుత్తులు తెంపి గంపల్లో వేస్తుంటే నేను సాయం చేయబోయాను. 'చేతులెయ్యకు బిడ్డా, ఈగలున్నయి' అన్నాడు. అంతే. ఇంకేం అనలేదు. ఆ తర్వాత రెండేళ్లు చూశాడు. బోరులో నీళ్లు తగ్గాయి, కూలీలు దొరకలేదు. స్తంభాలు పీకేసి, భూమిని ప్లాట్లకు ఇచ్చేశాడు. ఆ డబ్బుతోనే మా తమ్ముడు చదువుకున్నాడు.

అందుకే వాడికి ద్రాక్షతోట అంటే అంత తేలిక కాదు.

వానలో పండే పంట

మేం దిగిన ఇంటి పెద్దాయనకు డెబ్భై రెండేళ్లు. ఆయనా, భార్యా ఇద్దరే. పిల్లలు పట్నాల్లో. జపాన్‌లో వ్యవసాయమే వృత్తిగా ఉన్నవాళ్ల సగటు వయసే 68కి దగ్గర్లో ఉంది కాబట్టి ఆ లెక్కన ఆయన మరీ ముసలి రైతేం కాదు! ఇంటి వెనకే తోట. పాత పందిరి కింద 'కోషు' రకం, కొత్త పందిరి కింద 'షైన్ మస్కట్'.

మేం వెళ్లినప్పుడు సన్నగా వాన పడుతోంది. జూన్ నుంచి జూలై మధ్య దాకా వాళ్లకు ఇదే తంతు. 'త్సుయు' అంటారు దాన్ని. ముసురు పట్టిన ఆకాశం, ఆరని బట్టలు, గోడలకు చెమ్మ. సరిగ్గా అప్పుడే ద్రాక్ష పూత పోసి పిందె కడుతుంది. తర్వాత పండే వేళకు ఆగస్టు, సెప్టెంబరు తుపాన్లు సిద్ధం.

ఇక్కడే మనకూ వాళ్లకూ తేడా. మన వేడికి ద్రాక్షతీగ నిద్రపోదు. ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తాం. ఎండాకాలంలో ఒకసారి, అక్టోబరు ప్రాంతంలో మరోసారి. అలా చలికాలం, ఎండాకాలం మొదట్లో, వానలు లేని రోజుల్లో పండు చేతికొచ్చేలా తీగనే మన దారికి తెచ్చుకున్నాం. జపాన్ తీగ చలికి ఆకు రాల్చి నిద్రపోతుంది. దానికి ఉన్నది ఒక్కటే వేసవి, ఆ వేసవి నిండా వాన. కాలాన్ని మార్చలేరు కనుక గుత్తికి గొడుగు పట్టారు.

గొడుగంటే పెద్ద యంత్రమేం కాదు. చదరపు కాగితం, నీళ్లు పీల్చకుండా మైనం పూత. మధ్య దాకా ఓ చీలిక. గుత్తి కాడ చుట్టూ దాన్ని తిప్పి అంచులు కలిపి బిగిస్తే టోపీలా కూర్చుంటుంది. కోషు రకానికి ఇది చాలంటారు. ఖరీదైన షైన్ మస్కట్‌కి మాత్రం పూర్తిగా సంచే. తెల్ల కాగితం సంచి, నోటి దగ్గర ఓ పక్కన సన్నటి తీగ అతికించి ఉంటుంది. అడుగున మూలల్లో చిన్న సందులు. లోపలికెళ్లిన చుక్క బయటికి పోవడానికి, గాలి ఆడడానికి.

'సంచి కడితే ఇక కుళ్లదన్నమాట' అన్నాన్నేను.

తమ్ముడు అది జపనీస్‌లో చెప్పగానే పెద్దాయన నవ్వాడు. పెద్దావిడ అయితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది.

ముందే దూరిన దొంగ

ఆయన మమ్మల్ని పందిరి మూలకు తీసుకెళ్లి, కిందటేడు గుత్తి కోసిన చోట తీగకు మిగిలిపోయిన ఎండు కాడముక్క ఒకటి చూపించాడు. వేలెడంత కూడా లేదు. పక్కనే తీగకు చుట్టుకుని ఎండిపోయిన నులితీగ. చలికాలం కత్తిరింపులో తన కంట పడకుండా తప్పించుకున్నవి. 'దొంగ ఇక్కడ పడుకుంటాడు' అన్నాడు.

ఆ దొంగ ఓ శిలీంధ్రం. పండే వేళకు బయటపడుతుంది కనుక జపాన్‌వాళ్లు దాన్ని 'ఆలస్యపు కుళ్లు' అనే అర్థమొచ్చే పేరుతో పిలుస్తారు. చలికాలమంతా ఎండు కాడల్లో, పాత కొమ్మల్లో దాక్కుంటుంది. మే నెల నుంచి వాన పడ్డప్పుడల్లా దాని విత్తనాల్లాంటి బీజాలు నీళ్లతో పాటు జారి, చిట్లి, కింద వేలాడే పిందెల మీద పడతాయి. పిందెలోకి దూరి... ఏమీ చేయదు. అసలు కథ అదే. కాయ పచ్చిగా, పుల్లగా ఉన్నన్నాళ్లూ నిద్ర నటిస్తుంది. ఆగస్టులో పులుపు తగ్గి తీపి ఎక్కగానే లేస్తుంది. కాయ మీద గోధుమరంగు మచ్చ, దాని మీద నారింజ-గులాబీ రంగులో జిగురు చుక్కలు. అక్కణ్నుంచి పక్క కాయకు, దాని పక్క కాయకు.

మనకు ఈ కుటుంబం కొత్తేం కాదు. ఇంట్లో మాగబెట్టిన మామిడిపండు తొక్క మీద నల్లమచ్చలు చూస్తాం కదా, చెట్టు మీద ఉన్నప్పుడు కాయ నున్నగానే ఉంటుంది. మిరపపంటను దెబ్బతీసే కాయకుళ్లూ ఉంది. ఇవన్నీ ఆ శిలీంధ్రం దగ్గరి చుట్టాల పనే.

అంటే జూలైలో ఎంత శుభ్రంగా సంచి కట్టినా, జూన్ వానలోనే దొంగ లోపలికి దూరి ఉంటే, మనం చేసేది తలుపు వేసి దొంగను ఇంట్లోనే కాపాడటం! పైగా లోపల గాలి తక్కువ, చెమ్మ ఎక్కువ. బయటికి ఏమీ కనిపించదు. సెప్టెంబరులో సంచి విప్పేదాకా తెలియదు. పావు ఎకరం తోటలో దాదాపు మూడు వేల గుత్తులు, మూడు వేల మూసిన సంచులు. ఏ రైతుకైనా నిద్ర పడుతుందా?

అందుకే ఆయనకు సంచి కట్టడం చలికాలంలోనే మొదలవుతుంది. ఎండు కాడలు, నులితీగలు ఒక్కటి మిగలకుండా తీసి తోట బయట పారేయాలి. పూత సమయంలో పూలగుత్తిని కొసన మూడు నాలుగు సెంటీమీటర్లు ఉంచి మిగతాది గిల్లేస్తారు. పిందె కట్టాక కాయలు పలచన చేస్తారు. షైన్ మస్కట్ గుత్తికి నలభై కాయల వరకూ ఉంచి, మిగిలినవన్నీ కత్తెరతో తీసేయడమే. నేల మీద పచ్చి పిందెలు తివాచీలా పరుచుకుని ఉంటే నాకు ప్రాణం ఉసూరుమంది. ఆయనకు అదేం లేదు. ఇరుకైతే కాయ ఉబ్బినప్పుడు పక్కదాన్ని నొక్కుతుంది, నొక్కితే పగులుతుంది, సంచిలో పగిలిన ఒక్క కాయ చాలు గుత్తంతా పోవడానికి. ఆ చివరి మాట నాకు అనువాదం అక్కర్లేకుండానే అర్థమైంది.

గింజలేని కాయ కోసం, కాయ లావు కోసం గుత్తుల్ని జిబ్బరెల్లిన్ ద్రావణంలో ముంచుతారు. ఇది కూడా ఈ దేశం వాళ్లు కనిపెట్టిందే. అదీ ద్రాక్షలో కాదు, వరిలో! పైరు పాలిపోయి, మామూలుకంటే పొడుగ్గా పెరిగి పడిపోయే తెగులుకు కారణం వెతుకుతూ 1926లో కురోసావా అనే శాస్త్రవేత్త శిలీంధ్రం వదిలే ఈ పదార్థం జాడ పట్టాడు. 1950ల చివర దాన్ని ఇదే యమనాషి ప్రాంతపు ద్రాక్ష మీద వాడి చూశారు. ఇప్పుడు మనం బండి మీద కొనే గింజలేని ద్రాక్షకూ అదే వాడుతున్నారు.

నా చేతి సంచులు

రెండో రోజు పొద్దున వాన వెలిసింది. మందు అంతకు రెండ్రోజుల ముందే, ఓ తెరిపిలో కొట్టేశారట. మందు పూర్తిగా ఆరాలి, ఆరిన కాయ మళ్లీ తడవకముందే సంచి పడాలి. ఆ రెంటికీ మధ్య ఉన్న సందే వాళ్ల పనికాలం. అలాగని వాన వెలిసి చుర్రుమని ఎండ కాసే మధ్యాహ్నం కట్టకూడదు. అలవాటు లేని వేడికి లోపల కాయ కమిలిపోతుంది. అందుకే పొద్దుటి పని.

పెద్దావిడ నా చేతికి ఓ కట్ట సంచులిచ్చింది. చూసేందుకు ఎంత సులువో! సంచిని ఉఫ్‌మని ఊది తెరవాలి. కింద నుంచి గుత్తికి తొడగాలి, కాయకు చెయ్యి తగలకుండా. తగిలితే కాయ మీది తెల్లటి పొడి చెరిగిపోతుంది, అంగట్లో ఆ వేలిముద్రే కనిపిస్తుంది. గుత్తి సంచి మధ్యలో వేలాడాలి, కాగితానికి ఆనకూడదు. నోటిని కుచ్చులుగా మడిచి ఒక పక్కకు తెచ్చి, తీగను కాడ చుట్టూ రెండు చుట్లు చుట్టాలి. వదులైతే కాడ వెంట జారే వాననీళ్లు నేరుగా లోపలికే. మరీ బిగిస్తే కాడ నలుగుతుంది.

ఆవిడ నాలుగు కట్టేలోపు నేను ఒకటి. తల పైకెత్తి, చేతులు పైకెత్తి చేసే పని. పావుగంటకే మెడ పట్టేసింది. ఆవిడ యాభై ఏళ్లుగా అలా పైకి చూస్తూనే ఉందట. ఎలాగో ఇరవై సంచులు కట్టాను. పెద్దాయన వచ్చి వాటి మీద పెన్సిలుతో ఏదో గుర్తు పెట్టాడు. 'నీ పేరు రాశాడక్కా, ఇండియా అని' అన్నాడు తమ్ముడు.

అప్పుడే వాడు ఫోన్ తీసి పెద్దనాయినకు వీడియో కాల్ చేశాడు. మనకు పొద్దున ఆరున్నర. ఆయన అరుగు మీద టీ తాగుతున్నాడు.

'ఏందిరా అది? సంచిల పండా? ఊపిరాడతదా దానికి?'

తమ్ముడు ఫోన్‌ను సంచి కిందకు పెట్టి మూల సందులు చూపించాడు. పెద్దనాయిన కళ్లజోడు పెట్టుకున్నాడు. ఇక చూడాలి. మందు కొట్టినంక ఎన్ని దినాలాగిన్రు? కాడ పొంటి నీళ్లు పోవా? పిట్టలు చింపయా? పందిరెత్తు ఎంత? ఈయన అడుగుతుంటే ఆయన చెప్పడం, మధ్యలో తమ్ముడు అటు తిరిగి జపనీస్, ఇటు తిరిగి తెలుగు. కాసేపటికి వాళ్లిద్దరికీ వాడితో పని లేకుండా పోయింది. పెద్దాయన కత్తిరించిన కొమ్మ చూపిస్తే పెద్దనాయిన 'హా, గంతే, రెండు కండ్లిడిచి' అంటున్నాడు.

చివర్లో పెద్దాయన అడిగాడు, ఇప్పుడు మీరేం పండిస్తున్నారని. తమ్ముడు ఆ ప్రశ్నను తెలుగులో చెప్పడానికి కొంచెం తటపటాయించాడు.

'ఇంటెనుక బొప్పాయి ఉన్నది, కరేపాకున్నది' అన్నాడు పెద్దనాయిన. 'చెప్పు, మంచిగనే ఉన్నయని.'

చూడాల్సినవి

ఊరు ద్రాక్షతోనే ఉంటుంది. కొండ మీది దైజెన్‌జి గుడిలో వైద్యం చేసే బుద్ధుడి చేతిలో ద్రాక్షగుత్తి ఉంటుంది. గ్యోకి అనే భిక్షువు 718లో ఈ గుడి కట్టి, ఊరివాళ్లకు ద్రాక్ష పెంపకం నేర్పాడని ఐతిహ్యం. ఇప్పుడున్న ప్రధాన మందిరం 1286 నాటిది, జాతీయ సంపద. కోషు ద్రాక్ష మాత్రం యూరప్ ద్రాక్షకూ చైనా అడవి ద్రాక్షకూ పుట్టిన సంకరమని డీఎన్ఏ పరీక్షల్లో తేలింది. పట్టుదారిలో ఏ బాటసారి సంచిలోనో వచ్చి ఉంటుందని ఊహ. 1877లో ఈ ఊరి నుంచి ఇద్దరు కుర్రాళ్లు వైన్ తయారీ నేర్చుకోవడానికి ఫ్రాన్స్ వెళ్లారు. వాళ్ల గుర్తులున్న మ్యూజియం ఉంది, వీలైతే చూడండి. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా చాలా తోటల్లో టికెట్ కొని మనమే గుత్తి కోసుకోవచ్చు. పిల్లలతో వెళ్లేవాళ్లకు అదే మంచి కాలం. గొడుగులు చూడాలంటే మాత్రం వానలో తడవడానికి సిద్ధపడి జూలైలో వెళ్లాలి.

సంచులు చూడ్డానికి అంత దూరం ఎందుకనుకుంటే నాసిక్ వెళ్లినా సరే. అక్కడా గుత్తులకు కాగితం చుడతారు, పాత వార్తాపత్రికలతో సహా. అయితే వాళ్ల భయం వాన కాదు, డిసెంబరు, జనవరి చలికి పచ్చకాయ గులాబీరంగు తిరగడం. మన మామిడితోటల్లోనూ ఇప్పుడు కాయకు కవర్లు కడుతున్నారు.

సెప్టెంబరు మూడో వారంలో తమ్ముడు ఒక్కడే మళ్లీ కత్సునుమా వెళ్లాడు. ఈసారి నేను అడక్కుండానే. 'ఇండియా' సంచులు విప్పడానికి పెద్దాయన వాడి కోసమే ఆగాడట. ఇరవైలో పదిహేడు బాగున్నాయి. రెండింటిలో పైన, కాడ దగ్గరే కుళ్లు మొదలైంది. నేను తీగ వదులుగా చుట్టానని పెద్దాయన తీర్పు. మూడోదాంట్లో గుత్తి మధ్యలో నారింజరంగు చుక్కలు. అది నా తప్పు కాదట, జూన్ వానదట. పెద్దావిడ వరసలోనూ అలాంటివి ఉన్నాయని ఫొటోలు పంపాడు.

బాగున్న వాటిలో నాలుగు గుత్తులు పెట్టెలో పెట్టి ఇచ్చారు. వాటిని ఇండియాకు పంపే వీలు లేదు. తమ్ముడు కాయ కొరుకుతూ పెద్దనాయినకు వీడియో చేశాడు. ఆయన తీపి సంగతి అడగలేదు. 'ఆ మూడు యాడ పారేసిండు? తోటలనే ఇడిచిపెట్టలె గద?' అన్నాడు.